లక్క పనికి కొత్త తోడు: ఎపాక్సీ మట్టితో రాళ్ల నగలు

గ్రామ పంచాయతీ అనగానే వీధిదీపము, మురుగుకాలువ, త్రాగునీరు ముందుగా మనకు స్ఫురించును. ఇవి అవసరములే. కాని గ్రామములోని స్త్రీకి ఇంటిపట్టున నాలుగు రూకలు తెచ్చిపెట్టు పని కల్పించుట కూడ పంచాయతీ బాధ్యతలలో ఒకటి. 73వ రాజ్యాంగ సవరణచే చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన విషయములు 29 గలవు. వానిలో 7వది చిన్నతరహా అటవీ ఫలసాయము, 9వది ఖాదీ, గ్రామ, కుటీర పరిశ్రమలు, 18వది వృత్తివిద్య, 22వది సంతలు, తిరునాళ్లు. ఈ నాలుగును ఒకచోట కలిసికొను పని యొకదానిని గూర్చి ఈ వ్యాసమున ముచ్చటింతుము.

రాజన్న సిరిసిల్ల జిల్లాలోని కోనరావుపేట మండలమును గాని, చుట్టుపట్ల నున్న జగిత్యాల, కోరుట్ల ప్రాంతములను గాని తీసికొందము. సిరిసిల్ల మరమగ్గములకు పేరొందినది. మగవారిలో అనేకులు గల్ఫ్ దేశములకు పోయి కష్టించుచున్నారు. ఇంటనున్న స్త్రీలలో చాలమంది బీడీలు చుట్టి సంసారము గడుపుచున్నారు. తునికాకు, తంబాకు ఒకరు ఇచ్చుట, చుట్టిన బీడీలను వారే లెక్కించి తీసికొనుట, నచ్చనివి త్రోసివేయుట ఈ పని తీరు. దినమంతయు తంబాకు ధూళి పీల్చవలెను. ధర నిర్ణయము చేయువాడు వేరు, వ్రేళ్లు నొప్పించుకొనువారు వేరు. ఇట్టి కుటుంబములకు బదులుపని చూపవలెనన్నచో, కొత్తపని కూడ పాతదాని అడుగుజాడలలోనే నడువకుండ మొదటినుండియు జాగ్రత్త పడవలెను.

ఎపాక్సీ మట్టితో మెరుపురాళ్లు పొదిగి గాజులు, కమ్మలు, పతకములు చేయుట అట్టి బదులుపనులలో ఒకటి. దీనికి కొలిమి అక్కరలేదు, కరెంటు అక్కరలేదు. ఒక బల్ల, మంచి వెలుతురు, స్థిరమైన చేయి చాలును. అయితే దీనిలో లాభముతోపాటు అపాయములును గలవు. రెండును తెలిసికొని గ్రామసభలో చెప్పగలిగినపుడే సభ్యులు తమ కర్తవ్యమును నెరవేర్చినవారగుదురు.

లక్క: మన పాత జిగురు

రాళ్లను మెత్తని ముద్దలో పొదిగి గట్టిపరచు విద్య మనకు కొత్తది కాదు. ఆ ముద్ద పేరు లక్క. లక్కపురుగు మోదుగు, రేగు మొదలగు చెట్ల కొమ్మలపై చేరి, రసము పీల్చి, తన చుట్టును ఒక బంక పదార్థమును కూడబెట్టుకొనును. కొమ్మలనుండి దానిని గీసి, కడిగి, కరగించి లక్క తయారుచేయుదురు. ఈ పురుగును, దాని సాగును పరిశోధించుటకు 1924లో రాంచీ సమీపమున ఒక సంస్థ ఏర్పడి నేటికిని పని చేయుచున్నది.

మన అవుసలి వారికి లక్క నిత్యావసర వస్తువు. బోలుగా చేసిన బంగారు గుండ్లు సొట్టపడకుండ లోపల లక్క నింపుదురు. కుందనపు పనిలో రాయి క్రింద లక్క పరచి, చుట్టును మేలిమి రేకు అదిమి రాతిని నిలుపుదురు. ఇక హైదరాబాదు చార్మినారు ప్రక్కనున్న లాడ్ బజారులో లక్క గాజుల పని జగత్ప్రసిద్ధము. అచట పనివారు బొగ్గుల నిప్పుపై లక్కను కరగించి, రంగు కలిపి, సాగదీసి, లోహపు వలయమునకు చుట్టి, వెచ్చగా నున్నపుడే రాళ్లను, పూసలను, అద్దపు ముక్కలను ఒక్కొక్కటిగా చేతితో అదుముదురు. హైదరాబాదు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. మన కరీంనగరపు వెండి తీగె పనికి అంతకు పూర్వమే ఈ గౌరవము దక్కినది.

లక్కకు ఒక సుగుణము, ఒక లోపము గలవు. వేడి చేసినచో మెత్తబడుట సుగుణము. రాయి ఊడినచో గాజును వెచ్చజేసి మరల పొదుగవచ్చును. విరిగిన దానిని కరగించి మరల వాడవచ్చును. కాని మండుటెండలో ఉంచినను, సలసల కాగు నీటిలో పడినను అదే గుణము లోపమగును. నేల మీద పడినచో పెళుసుగా పగులును. అంతేకాక, మూసిన గదిలో బొగ్గుల కుంపటి ముందు గంటల తరబడి కూర్చొనుట ఊపిరికి ముప్పు. బొగ్గు మండునపుడు వెలువడు విషవాయువునకు రంగులేదు, వాసనలేదు.

మెరుపురాయి కథ

అంగడిలో స్టోన్లు అని అమ్ము మెరుపురాళ్లు నిజమునకు గాజుముక్కలే. పూర్వము ఐరోపాలో రైన్ నదీతీరమున దొరకు స్ఫటికపు రాళ్లను సానబెట్టి నగలలో పొదిగెడివారు. ఆ నది పేరే ఈ రాళ్లకు ఇంగ్లీషున స్థిరపడినది. 18వ శతాబ్దమున పారిస్ నగరములో స్ట్రాస్ అను నగల పనివాడు సీసము కలిపిన గాజుతో వజ్రములను పోలిన రాళ్లను చేసి కీర్తి గడించెను. సీసము కలిసిన గాజు వెలుతురును ఎక్కువగా వంచును. అందుచేతనే ఆ తళుకు. 1892లో డేనియల్ స్వరోవ్‌స్కీ రాళ్లను కోయు యంత్రమునకు హక్కుపత్రము పొంది, 1895లో ఆస్ట్రియా దేశపు వాటెన్స్ గ్రామమున కర్మాగారము నెలకొల్పెను. చేతితో నెమ్మదిగా సాగిన సానపని నాటినుండి యంత్రము పాలై, రాయి చౌక అయ్యెను.

ఈ రాళ్లలో రెండు రకములు ముఖ్యము. అడుగు చదునుగా నున్నవి బట్టలపై అంటించుటకు అనువైనవి. అడుగు మొనదేలియున్నవి మట్టిలో పొదుగుటకు తగినవి; మొన లోపలికి దిగి పట్టుకొనును. అడుగున వెండివన్నె పూత యుండును. వెలుతురును వెనుకకు త్రిప్పి మెరిపించునది ఆ పూతయే. అది గీరుకొనినను, తడి తగిలి నల్లబడినను రాయి గ్రుడ్డిదగును. కనుక కొనునపుడు నాలుగు రాళ్లను బోర్లించి పూత చూడవలెను. కొలతలను ఎస్.ఎస్. అను గుర్తుతో తెలుపుదురు. ఎస్.ఎస్. 6 సుమారు 2 మిల్లీమీటర్లు, ఎస్.ఎస్. 16 సుమారు 4 మిల్లీమీటర్లు. గ్రోసు లెక్కన అమ్మునపుడు ఒక గ్రోసునకు 144 రాళ్లు రావలెను.

ఎపాక్సీ మట్టి అనగా ఏమి?

నీటి గొట్టము కారినపుడు ఎం-సీల్ తెచ్చి, పొట్లములోని రెండు ముద్దలను పిసికి అంటించుట మన గ్రామములలో అందరికిని తెలిసినదే. అది ఎపాక్సీ జాతి పదార్థము. నగల పనికి వాడునది అదే జాతికి చెందినదైనను మరింత నునుపైనది; పలు రంగులలో దొరకును; గట్టిపడుటకు ఎక్కువ వ్యవధి నిచ్చును. గొట్టములకు వాడు ముద్ద త్వరగా బిగియును గనుక చిన్నరాళ్లు పొదుగుటకు చాలదు.

రెండు ముద్దలలో ఒకటి బంక, రెండవది దానిని గట్టిపరచునది. విడివిడిగా నున్నంతకాలము రెండును మెత్తగానే యుండును. కలిపినంతనే వాని అణువులు ఒకదానితో నొకటి ముడివడి వలవలె అల్లుకొనును. ఇది ఆరుట కాదు, రసాయనిక మార్పు. లక్క నెయ్యి వంటిది. చల్లబడిన పేరుకొనును, వేడిచేసిన కరగును. ఎపాక్సీ కాల్చిన కుండ వంటిది; ఒకమారు గట్టిపడిన పిమ్మట మరల మట్టి కాదు. కనుక దీనిలో పొరపాటు దిద్దుకొనుటకు వ్యవధి ముద్ద మెత్తగా నున్నంతసేపే.

పని క్రమము

మొదట ఆధారము. ఇత్తడి గాజు గాని, అంచుగల లోహపు గిన్నె గాని తీసికొని, మట్టి పట్టు చోటును గరుకుకాగితముతో రుద్ది, స్పిరిటుతో తుడువవలెను. జిడ్డు ఉన్నచో ఎంత మంచి ముద్దయైనను ఊడివచ్చును. నగలు ఊడిపోవుటకు తరచుగా కారణమిదియే. లోహములో నికెలు ఎక్కువగా నున్నచో కొందరికి దద్దుర్లు వచ్చును గనుక చెవి కమ్మలకు నికెలు లేని లోహమునే ఎన్నుకొనవలెను.

రెండవది కలుపుట. చాల రకములలో రెండు ముద్దలు సరిసమానముగా కలుపవలెను; పొట్లముపై వేరుగా వ్రాసియున్నచో దానినే పాటింపవలెను. ఒకపాలు ఎక్కువైనచో ముద్ద ఎన్నటికిని పూర్తిగా బిగియదు, జిగటగా మిగులును. రంగు చారలు మాయమై అంతయు ఏకవర్ణమగువరకు పిసుకవలెను. ఒక విడతకు సరిపడునంతే కలుపవలెను. వేడి పెరిగినకొలది ముద్ద త్వరగా బిగియును. పది డిగ్రీలు పెరిగినచో వేగము సుమారు రెట్టింపగునని స్థూలమైన లెక్క. మన ప్రాంతమున వేసవి మధ్యాహ్నము 40 డిగ్రీలు దాటును గనుక, పొట్లముపై వ్రాసిన వ్యవధిని నమ్మి కూర్చొనరాదు. తెల్లవారి చల్లని వేళ ఈ పనికి అనుకూలము.

మూడవది పరచుట. ముద్దను సన్నని త్రాడుగా చేసి ఆధారములో అదిమి, అంచులకు కొంచెము తక్కువగా నింపవలెను. రాళ్లు దిగినపుడు మట్టి పైకి పొంగును. అంచువరకు నింపినచో పొర్లిపోవును. వ్రేలికి అంటకుండ నీటిచుక్క తడి చాలును. నీరు ఎక్కువైనచో పట్టు తగ్గును.

నాల్గవది పొదుగుట. పుల్ల కొనకు మైనము అంటించి రాతిని ముఖమువైపున ఎత్తవలెను. పెద్దరాయి ముందు, చిన్నవి తరువాత. నడుమనుండి అంచులకు సాగవలెను. రాతికి ముఖము, నడుము, మొన అని మూడు భాగములుండును. నడుము అంచు మట్టిమట్టమునకు వెండ్రుకవాసి క్రిందికి దిగవలెను. అపుడు చుట్టును లేచిన మట్టి రాతిని గోరువలె పట్టుకొనును. నడుము పైకి తేలినచో పది దినములలో ఊడును. మరీ లోతైనచో మెరుపు మునుగును. ఈ పనిలో నేర్పంతయు ఈ ఒక్క వెండ్రుకవాసిలోనే యున్నది. రాతికి రాతికి నడుమ మట్టిగోడకు చోటు మిగుల్చుట మరువరాదు.

చివరిది శుభ్రపరచి ఆరనిచ్చుట. రాళ్లపై అంటిన మరకలను మెత్తగా నున్నపుడే స్పిరిటు తడిపిన గుడ్డతో తుడువవలెను. బిగిసిన పిమ్మట అవి పోవు. దుమ్ము పడకుండ మూతపెట్టి ఒక రాత్రి, ఒక పగలు కదలింపక ఉంచవలెను. తరువాత పరీక్ష. ప్రతి విడతనుండి ఒక నగను నీటిలో నానబెట్టి, కుంచెతో తోమి, మోకాలి ఎత్తునుండి చాపపై వేసి చూడవలెను. ఒక్కరాయి ఊడినను ఆ విడతనంతను మరల సరిచూచిన పిమ్మటనే అమ్మకమునకు పంపవలెను.

చేతులకు జాగ్రత్త

గట్టిపడిన ఎపాక్సీ ధరించుటకు సాధారణముగా భయములేదు. భయమంతయు పచ్చిముద్దతోనే. వట్టిచేతులతో దినదినము పిసికినచో చర్మమునకు పడకపోవుట ఏర్పడవచ్చును. ఇది మోసకారి వ్యాధి. వారములు, నెలలు ఏమియు కాదు. చేసినవారు తమకేమియు కాదని ధైర్యపడుదురు. ఒకనాడు వ్రేళ్లసందున దురద, పొక్కులు, పగుళ్లు మొదలగును. ఒకమారు మొదలైనచో కొంచెము తగిలినను తిరుగబెట్టును, జీవితాంతము వదలకపోవచ్చును. బీడీపని మాని ఈ పనికి వచ్చిన స్త్రీ చేతులు చెడినచో ఆమెకు ఏ పనియు మిగులదు.

కనుక నైట్రైలు చేతితొడుగులు లేనిదే ముద్ద ముట్టరాదు. మామూలు రబ్బరు తొడుగులు దీనికి చాలవు. చిరిగిన తొడుగును వెంటనే మార్చవలెను. అంటిన దానిని సబ్బుతో కడుగవలెను గాని స్పిరిటుతో చర్మమును తుడువరాదు. స్పిరిటు మందును చర్మములోనికి మరింత చేర్చును. గట్టిపడిన ముద్దను అరుగదీయునపుడు తడిచేసి అరుగదీయవలెను. పొడిధూళి ఊపిరితిత్తులకు చేటు. వంటపాత్రలు, చంటిపిల్లలు ఆ బల్లదరికి రారాదు. మిగిలిన పచ్చిముద్దలను బావిలో, కాలువలో వేయక, రెండును కలిపి గట్టిపరచి పారవేయవలెను, పొయ్యిలో కాల్చరాదు. దురద కనబడినవారు పని నిలిపి, ఆశా కార్యకర్తకు తెలిపి వైద్యునికి చూపించుకొనవలెను.

ఇట్టి పనిలోనికి పిల్లలను దింపరాదని వేరుగ చెప్పనక్కరలేదు. అయినను చెప్పక తప్పదు. 2015 జనవరిలో హైదరాబాదు పాతబస్తీలోని గాజుల కార్ఖానాలనుండి రెండు వందలకు పైగా బాలురను పోలీసులు విడిపించిరి. ఇతర రాష్ట్రములనుండి తెచ్చి చీకటి గదులలో కూర్చుండబెట్టిన పసివారు వారు. రాళ్లు పొదుగుటకు చిన్నవ్రేళ్లు అనువని తలచు దురాశ ఎచటనైనను పుట్టవచ్చును. 14 ఏండ్ల లోపు పిల్లలను పనిలో పెట్టుట చట్టవిరుద్ధము. కూలివ్రాత ఇంటికి వచ్చినపుడు లెక్క పెంచుటకై బడిపిల్ల తల్లిప్రక్కన కూర్చుండునేమో అని పంచాయతీ కన్ను వేసియుండవలెను.

లెక్క తప్పిన లాభము లేదు

నగల పనిలో సరకుల ఖర్చు కంటికి కనబడును. కాలపు ఖర్చు కనబడదు. ఒక జత గాజులకు సరకులు 75 రూపాయలు, తరుగు 10 రూపాయలు, పట్టుకాలము గంటన్నర అనుకొందము. గంటకు 60 రూపాయల కూలి కావలెనన్నచో కూలి 90, మొత్తము 175. వర్తకుడు వచ్చి 110 రూపాయలకు అన్నిటిని ఒక్కసారిగా కొందుననినచో చేతిలో నోట్లు చూచి సంతోషము కలుగును. కాని సరకు, తరుగు పోగా మిగులునది 25. గంటకు 17 రూపాయలు కూడ పడలేదు. ఈ అంకెలు ఉదాహరణకై చెప్పినవే. ప్రతి సంఘము తన సొంత అంకెలతో ఈ లెక్క వేసి గోడపై వ్రాసికొనవలెను. ఆ లెక్క తెలియనిచో రాళ్లపని కూడ మరియొక బీడీపనియే యగును.

మరి అమ్ముట ఎచట? కోనరావుపేటకు చేరువనే వేములవాడ రాజన్న క్షేత్రము గలదు. మహాశివరాత్రి జాతరకు వేలాది జనులు వత్తురు. మేడారము సమ్మక్క సారలమ్మ జాతరకు పోవువారు ముందు వేములవాడ దర్శించుట ఆనవాయితీ. జగిత్యాల జిల్లాలో కొండగట్టు, ధర్మపురి గలవు. బతుకమ్మ పండుగకు గాజులు తొడుగుకొనని ఆడబిడ్డ మన ప్రాంతమున ఉండదు. పండుగకు రెండు నెలలు ముందుగా పని ఆరంభించి, తొలియేడు కొద్దిసరకు మాత్రమే చేసి, ఏ రంగు, ఏ కొలత ముందుగా చెల్లినదో వ్రాసికొనుట తెలివైన పద్ధతి.

పేరు విషయమున నిజాయితీ తప్పరాదు. ఎపాక్సీతో చేసిన దానిని లక్కగాజు అని గాని, హైదరాబాదు లక్క గాజు అని గాని అమ్మరాదు. ఆ పేరు 1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టముచే రక్షింపబడినది. దాని వెనుక తరతరముల పనివారి కష్టమున్నది. "చేతితో పొదిగిన రాళ్ల గాజులు" అని మన పేరు మనము పెట్టుకొనుటలో చిన్నతనము లేదు.

పంచాయతీ చేయదగినవి

మొదటిది, చోటు. ఇండ్లలోకంటె వెలుతురు, గాలి గల ఒక సామూహిక గదిలో పని జరిగినచో తొడుగులు, శుభ్రత, కాలనియమము అలవడును. పిల్లలకు దూరముగా నుండును. ఖాళీగా నున్న పంచాయతీ గదిని పగటివేళ మహిళా సంఘమునకు ఇచ్చుటకు తీర్మానము చాలును.

రెండవది, శిక్షణ. ఇరువదిమందిని ఒకమారు పిలుచుటకంటె ఐదారుగురికి చక్కగా నేర్పించి, వారిచే ఇతరులకు నేర్పించుట మేలు. గ్రామములో అవుసలి కుటుంబము ఉన్నచో వారినే గురువులుగా కోరవలెను. రాతిని నిలబెట్టు కిటుకు వారికి తెలిసినంతగా మరెవరికి తెలియదు.

మూడవది, పెట్టుబడి. మహిళా సంఘములకు గ్రామ సమాఖ్యద్వారా బ్యాంకు ఋణము, 2011లో ఏర్పడిన స్త్రీనిధి సహకార సంస్థ ఋణము పొందుటకు వీలుగలదు. 2023 సెప్టెంబరు 17న ఆరంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకము 18 వృత్తులకు వర్తించును. వానిలో స్వర్ణకారవృత్తి యున్నది గాని ఎపాక్సీ నగలపని పేరున లేదు. కనుక అవుసలి వారిచే దరఖాస్తు చేయింపవలెను. ఇతరులకు లేని ఆశ పెట్టరాదు. ఈ పథకమున దరఖాస్తుల తొలి పరిశీలన గ్రామ పంచాయతీ స్థాయిలోనే జరుగునని సభ్యులు గుర్తుంచుకొనవలెను.

నాల్గవది, అంగడి. గ్రామపు వారసంతలోను, తిరునాళ్లలోను సంఘపు స్త్రీలకు ఒక స్థిరమైన చోటు కేటాయించి, తొలి ఏడాది రుసుము మినహాయించుట పంచాయతీకి పెద్ద భారము కాదు.

ఐదవది, చెట్టు. మోదుగు మన బీళ్లలో, గట్లపై తనంత తానే పెరుగును. ఎపాక్సీ పట్టణమునుండి కొనితేవలసినదే. లక్క మన చెట్టుమీదనే పండగలదు. హరిత పనులు చేయునపుడు మోదుగును కొట్టివేయక నిలుపుకొన్నచో, లక్కసాగు నేర్చుకొన దలచిన మరునాటి తరమునకు మూలధనము మిగులును.

ఈ పని గ్రామమును రాత్రికి రాత్రి మార్చునని మేము చెప్పము. అన్ని ఇండ్లకు ఇది సరిపడదు. కన్ను చక్కగా కనబడి, ఓర్పు గల కొద్దిమందికే తగును. అయితే ఆ కొద్దిమంది తమ సరకు తామే కొని, తమ ధర తామే చెప్పి, చేతులు చెడకుండ పని చేసికొనగలిగినచో అది చిన్న విషయము కాదు. వచ్చు గ్రామసభలో సభ్యులు మూడు ప్రశ్నలు ముందుంచవలెను: ఈ పనికి ముందుకు వచ్చువారెందరు, వారికి గది ఏది, తొడుగుల ఖర్చు ఎవరిది? ఈ మూడింటికి జవాబు దొరికిన పిమ్మటనే తొలి పొట్లము విప్పవచ్చును.